వెనక్కి చూడని బుడే

పది నిమిషాలే అంటోందయ్యా ఆ నర్సమ్మ! గంటన్నర బయట నించోబెట్టి, పది నిమిషాలు! గేటు దగ్గర సెక్యూరిటీ వాడొకడు. "పేషెంటుకి మీరేమవుతారు?" అని. ఏమవుతానని చెప్పను? మాస్టార్నన్నాను. "ఆయనకిప్పుడు రక్తమిచ్చేవాళ్ళు కావాలి, మాస్టార్లెందుకు?" అన్నాడు. నోరు చూడు వాడికి!

సరేలే బుడే. నేనే, త్యాగరాజు మాస్టార్ని. కళ్ళు ఇటు తిప్పు. ఆఁ, అదీ.

మాట్లాడాలని చూడబోకు. గొంతులో గొట్టం పెట్టారు, మాట రాదు. మొన్న అనుకున్నదే మనం. ఔనైతే ఒకసారి రెప్ప వెయ్యి, కాదైతే రెండుసార్లు. నీకది నేర్పింది నేనే కదా. అది చూసి ఎస్సై గారు ఎంత మెచ్చుకున్నారనుకున్నావ్! "మాస్టారూ, నేను అడుగుతాను, అతని రెప్పలు చూసి మీరు చెప్పండి, నేను రాసుకుంటాను" అన్నారు. నాలుగింటికి వస్తారు. అడిగేది ఒకటే ప్రశ్న. జయరావు నిన్ను నెట్టాడా, లేదా?

నెట్టాడు కదా?

ఒకసారి వేశావు. నెట్టాడు. ఆరువేల మంది చూశారు, కాదనేదేముంది? ఎందుకు నెట్టాడని ఆయన అడగడు. అడిగినా దానికి రెప్పల్లో జవాబుండదు.

నువ్వు పడ్డాక జరిగింది నీకెవరూ చెప్పలేదు కదూ? గుల్షన్ చెప్పి ఉండదు. మొగుడి ముందు ఏడవకూడదని గోడవైపు తిరిగి కూర్చుంటుంది ఆ పిల్ల. నేను చెబుతాను. నేను చెప్పకుండా ఎప్పుడున్నాను?

నువ్వు బోర్లా పడ్డావు. నీ పాదాలకి జానెడు దూరంలో బండ దూసుకుపోయింది. ఇరవై క్వింటాళ్ళ రాయి, పత్తి కట్టె పీకిన ఆ చేలో సాలు కొట్టుకుంటూ పోయింది. అప్పుడే మైకులో వినబడింది, "నెట్టేశాడు! జయరావు నెట్టేశాడు!" అని.

ఎవరంటావేంటి? ఆ మైకు ఇంకెవరి చేతిలో ఉంటుందయ్యా? ఇరవై రెండేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఏ తిరునాళ్ళకి బండలాగుడు పోటీ జరిగినా, శంభో శంకరా అని, బిస్మిల్లా అని, యేసయ్యా అని మూడు దండాలు పెట్టి మైకు పట్టేది నేనేగా!

ఇంక చూడు. గిత్తల మీద పడాల్సిన చెర్నాకోలలన్నీ వాడి మీద పడ్డాయి. ముందు చొక్కా చినిగింది, తర్వాత తోలు చినిగింది. వాతలు కాదు బుడే, సాళ్ళు! నాగలి పెట్టి దున్నినట్టు సాళ్ళు. ఎవడో కాడి మోకు తెచ్చి వాడి చంకల కింద బిగించాడు. బరి పొడుగునా ఈడ్చారు. నీతో కలిసి గిత్తలు తోలేవాడిని, నీ కంచంలో తిన్నవాడిని, బండ ఈడ్చినట్టు ఈడ్చారు. జనం లెక్కపెట్టారయ్యా! "ఒకటో రౌండు! రెండో రౌండు!" అని, నేను లెక్కపెట్టే రాగంలోనే.

వాడు 'అమ్మా' అనలేదు. "బుడే మెడ! బుడే మెడ చూడండ్రా!" అన్నాడు. నోట్లో మట్టి, రెండు పళ్ళూడి రక్తం. అదే మాట.

పక్క కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి కదా. ఒకడు గుప్పెడు తెచ్చి గుడ్డలో నలిపాడు. "ఈ కన్నేరా బుడే మీద పడింది!" అని ఎడం కంట్లో కుక్కాడు. బొటనవేలు పెట్టి తిప్పాడు. అప్పుడు అరిచాడు జయరావు. ఆ అరుపుకి నీ గిత్తలు ముకుతాళ్ళు తెంచుకున్నాయి.

కన్ను పోయింది. పక్కటెముకలు మూడు విరిగాయి. కింద వార్డులో ఉన్నాడు, కాలికి బేడీ వేసి మంచానికి కట్టారు, పక్కన కానిస్టేబులు. నిన్ను చంపబోయాడని కేసు. వాళ్ళ అమ్మ బైబిలు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. నన్ను చూసి లేచి దండం పెట్టింది. నాకు!

ఇక నిన్ను. నలుగురు నాలుగు పక్కల పట్టి ట్రాలీ ఆటోలోకి విసిరారు. తల వేలాడుతూనే ఉంది. "జాగ్రత్తగా ఎత్తండి నాయనలారా" అని మైకులో నేనే చెప్పాను. ఎంత ముద్దుగా చెప్పానో!

డాక్టరు మహతి లేదూ, నా దగ్గర తొమ్మిది చదివింది. రాత్రీ పగలూ నీ మంచం దగ్గరే ఉంటోంది. నిన్న నన్ను లోపలికి పిలిచి నీ మెడ ఫిలిం వెలుతురుకి పెట్టింది. "మాస్టారూ, చూడండి" అంది.

చూశాను. ఇరవై ఆరేళ్ళు జీవశాస్త్రం చెప్పినవాడిని. బోర్డు మీద వెన్నెముక గీస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. పూస, పూసకీ పూసకీ మధ్య మెత్తని బిళ్ళ, వాటిని కట్టి ఉంచే నారలు, లోపల సందులో చిటికెన వేలంత వెన్నుపాము. నీ ఫిలింలో పూసలు విడివిడిగా లేవు బుడే! నారలన్నీ సున్నం పట్టి, గట్టిపడి, మొత్తం ఒకటే కర్ర. ఆ గట్టిపడినది లోపలికీ పెరిగింది. వెన్నుపాముకి చోటు లేదు.

కనిగిరి వైపు బోరు నీళ్ళయ్యా. పుట్టిన దగ్గర్నుంచీ నువ్వు తాగిన నీళ్ళు. ఫ్లోరైడు ఎముకలో దిగి కూర్చుంటుందంట. ఎముక లావవుతుంది, పెళుసవుతుంది. నరం నలుగుతుంది. నలిగితే కాళ్ళు బిగుస్తాయి, వేళ్ళకి పట్టు పోతుంది. "వేరేవాళ్ళు ఆ పడటం పడితే మోకాళ్ళు దులుపుకుని లేచేవాళ్ళు మాస్టారూ. ఇతని మెడ వంగేది కాదు. అందుకని విరిగింది" అంది.

తర్వాత ఒక మాట అడిగింది. మామూలుగానే అడిగింది పాపం. "ఇది ఏళ్ళ తరబడి ముదిరింది. నడకలో, చేతుల్లో తేడా తెలిసి ఉంటుంది. మీ ఊళ్ళో ఒక్కరూ గమనించలేదా?"

పల్లెటూరు కదమ్మా, అన్నాను.

కళ్ళు మూయబోకు. విను. నీకు తెలిసిందేలే, అయినా నా నోటితో విను.

నవంబరులో, మీరా హుస్సేన్ టీ కొట్టు దగ్గర. కాలు మీద కాలేసుకుని కూర్చున్నావు. నేను సరదాకి గాజు గ్లాసు అడుగుతో నీ మోకాటి చిప్ప కింద తట్టాను. నీ కాలు ఎగిరి ముందున్న స్టూలు వీధిలో పడింది! గుర్తుందా? పాదం నేలకి ఆనించమంటే మడమ దడదడా కొట్టుకుంటూనే ఉంది, ఆగదే! నేనేం చేశాను? "రండ్రా, రండ్రా! బుడేది మనిషి కాలు కాదు, గిత్త కాలు!" అని అందరినీ పిలిచాను. పదిహేను మంది చేరారు. పదిసార్లు కొట్టాను. పదిసార్లూ ఎగిరింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నువ్వూ నవ్వావు.

ఆ కాలు అలా ఎగరకూడదని నాకు తెలుసు. పుస్తకంలో ఉంది. పైన వెన్నులో ఎక్కడో తెగులుంటేనే అలా ఎగురుతుందని క్లాసులో నేనే చెప్పాను.

జనం వెళ్ళాక నువ్వు దగ్గరకి జరిగి ఏమన్నావు? "మాస్టారూ, చెర్నాకోల చేతిలోంచి జారిపోతోంది. జయరావు తీసి ఇస్తున్నాడు. చొక్కా గుండీలు గుల్షన్ పెడుతోంది. తల కొంచెం వంచబోతే వీపులో కరెంటు కొట్టినట్టు కాళ్ళ దాకా పోతోంది. ఈ ఏడు మానేస్తానని మైకులో మీరే చెప్పండి. నేను చెబితే పిరికోడంటారు."

నేనేమన్నాను? "వెనక్కి చూడని బుడే మానేస్తే జనం ఎవర్ని చూడ్డానికి వస్తార్రా? తిరునాళ్ళ పోనీ, గుంటూరు తీసుకెళ్తా."

ఆ పేరు కూడా నేను పెట్టిందే. ఐదేళ్ళ క్రితం. తోలేవాళ్ళందరూ పరిగెత్తుతూ వెనక్కి తిరిగి బండ ఎక్కడుందో చూసుకుంటారు. నువ్వొక్కడివే చూడవు. "చావు మడమల మీదకొస్తున్నా వెనక్కి చూడని మొనగాడూ...!" అని నేనందుకుంటే, "బుడే!" అని ఆరువేల గొంతులు. అబ్బ! ఒళ్ళు పులకరించేది. నువ్వు చూడకపోవడం కాదు, చూడలేవు. మెడ తిరగదు. తిరగాలంటే ఒళ్ళంతా తిప్పాలి. నీ జబ్బుకి నేను బిరుదిచ్చాను బుడే. బిరుదిచ్చాక నువ్వు ఆసుపత్రికెలా పోతావు?

ఆ రోజు సంగతి. ఐదో రౌండు. కుడి గిత్త మొరాయించి అడ్డం తిరిగింది, బండ పక్కకి ఊగి నీ వెనక్కి వచ్చింది. మంచె మీదున్నాను, అరచేతిలో గీతలా కనబడింది నాకు. నువ్వు నిటారుగా, బిగుసుకున్న కాళ్ళతో ఈడ్చుకుంటూ పరిగెడుతున్నావు. చేతిలో మైకు. "బుడే, ఎడమకి దూకు." మూడు మాటలు. అంతే కావాలి.

నా నోటి నుంచి ఏమొచ్చిందో తెలుసా? "చూడడు! చూడడు! చావు మడమల మీదకొస్తున్నా వెనక్కి చూడని మొనగాడూ...!"

మొదలుపెట్టినది పూర్తి చెయ్యకుండా ఆపలేకపోయాను. జనం నోరు తెరిచి సిద్ధంగా ఉన్నారు. ఎలా ఆపను?

మైకు లేనివాడు జయరావు. "బండరా బుడే!" అని అరుచుకుంటూ గిత్తల ముందు నుంచి అడ్డంగా ఉరికి నిన్ను నెట్టాడు. ఆ కేక విన్నావా నువ్వు?

విన్నావు.

దుమ్ము లేచింది. ఆరువేల ముఖాలు ఒక్కసారిగా నా వైపు తిరిగాయి, ఏం జరిగిందో చెప్పమని. ఏదో ఒకటి చెప్పాలి కదా! నెట్టేశాడన్నాను. అబద్ధమా? ఒక్క ముక్క అబద్ధం లేదు. బండ సంగతి చెప్పలేదు, అంతే. తర్వాత చెర్నాకోలలు లేచాయి. అప్పుడైనా చెప్పొచ్చు. మూడు రౌండ్లు ఈడ్చారు, చెప్పొచ్చు. మైకు ఆన్‌లోనే ఉంది.

సెల్‌ఫోన్లలో వీడియోలు తీశారు చాలామంది. ఎస్సై గారు అన్నీ చూశారు. దుమ్ములో ఏమీ కనబడదు. నా గొంతు ఒక్కటే వినబడుతుంది.

రెచ్చగొట్టినందుకు నా మీదా కేసు పెడతారంట. అందుకే వచ్చాను, నిజం చెబుతున్నా. పొద్దున్నే అమరావతి వెళ్ళి అమరేశ్వరుడికి అభిషేకం చేయించాను. నీ పేరు మీదే చేయిద్దామని వెళ్ళాను. పూజారి గోత్రం అడిగారు. నా గోత్రం చెప్పాను. ఆ పుణ్యం ఎటు పోయిందో స్వామికే తెలియాలి. అక్కణ్ణించి ఇటొచ్చాను, 'నెట్టాడా' అంటే ఒక్కసారి రెప్ప వేసి ఊరుకో, మిగతాది నేను చూసుకుంటా అని నీకు చెబుదామని. మెట్ల మీద ఆ తల్లి లేచి దండం పెట్టకపోతే ఈపాటికి చెప్పి వెళ్ళిపోయేవాణ్ణి.

సరే. చెప్పను. ఎస్సై గారు వచ్చాక నీ రెప్పలు ఎలా పడితే అలాగే చదువుతాను. ఒక్కటీ మార్చను. నన్ను నమ్ముతావా?

ఒకటి...

రెండు.

కంట్లో నలకేమైనా పడిందా? కాదూ? ఇంకోసారి. నమ్ముతావా బుడే?

ఒకటి. రెండు.

నిజమేలే.

అవిగో, బూట్లు. వచ్చేశారు. రండి ఎస్సై గారూ. 'నెట్టాడా' అని అడగకండి. 'బండ కింద పడకుండా జయరావు నిన్ను తప్పించాడా' అని అడగండి. దానికి రెప్పల్లో జవాబుంటుంది. నా వాంగ్మూలం విడిగా రాసుకోండి, బయట బల్ల మీద కూర్చుంటాను.

అమ్మా గుల్షన్, నువ్విలా రా. అతని కళ్ళు నువ్వు చూడమ్మా. నేను చూస్తే నాకు పనికొచ్చేదే కనబడుతుంది.