రెండు మాటలు వెనక్కి

హలో… ఆ, నేనే. ఒక్క క్షణం, మిషను ఆపనివ్వండి… ఊఁ, ఇప్పుడు చెప్పండి.

అవును, ప్లేయరు గురించి కంప్లయింట్ పెట్టింది నేనే. పొద్దున చేస్తే మీవాళ్లెవరో ఎత్తి, ఒక అమ్మాయి మళ్లీ చేస్తుంది అన్నారు. మీరేనా ఆ అమ్మాయి…

మేడమ్ ఎందుకులెండి. నేను టైలర్ని. వీధి వీధంతా టైలరమ్మ అంటారు, మీరూ అలాగే అనండి…

ఆ, ట్యాబ్‌లోనే. ఇదిగో పక్కనే ఉంది, దారం రీళ్ల డబ్బాకి ఆనించి నిలబెట్టాను. ఫోను వేరు, ట్యాబు వేరు. ఆ మాత్రం తెలుసు నాకు…

అదే, కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకోమంది, వేసుకున్నాను. నేను వద్దన్నా వేసేసుకునేలా ఉంది దాని వాలకం. అప్పట్నుంచీ అంతా తారుమారు. రంగు మారింది, బొత్తాలు చోటు మారాయి. కథ చదివే ఆయన ఉన్నాడే, నిదానంగా, పెద్దమనిషిలా చదివేవాడు. ఇప్పుడు వెనక ఎవరో తరుముతున్నట్టు చదువుతున్నాడు…

వేగమా. ఎక్కడుంది అది… కింద… కిందే చూస్తున్నాను… ఆఁ, ఒకటిన్నర అని ఉంది… నొక్కాను. ఒకటి… ఉండండి, వింటాను…

ఇదీ ఆయన గొంతు. పోనీలెండి, మనిషి దొరికాడు.

లేదు లేదు, పెట్టేయకండి. అసలు సంగతి అది కాదు. అది చిన్నది. పెద్దది ఇంకోటి ఉంది…

చెప్తున్నాను. ఓ కథ వింటున్నాను నేను. ఓడలో వంటవాడి కథ, భాగాలు భాగాలుగా ఉంటుంది. మొత్తం ఎన్నో తెలీదు, ఇన్నాళ్లుగా వింటున్నా మనిషి ఇంకా సముద్రం మీదే ఉన్నాడు. రోజూ పొద్దున పని మొదలెట్టేటప్పుడు పెట్టుకుంటాను. ఒక భాగం అయి, ఇంకోటి కాస్త మొదలయ్యాక ఆపేస్తాను. మర్నాడు పెడితే… ఎక్కడ ఆపానో అక్కణ్ణుంచే మొదలవుతోంది.

అదేనమ్మా కష్టం.

కాదు, మొదటికి పోవట్లేదు… మధ్యలో ఆగట్లేదు… ధ్వని బాగానే ఉంది. సరిగ్గా ఎక్కడ ఆపానో అక్కడే. ఒక్క మాట అటూ కాదు, ఇటూ కాదు…

నవ్వండి, ఫర్వాలేదు. అలాగే ఉండాలంటారు మీరు. మీ లెక్కలో అది సరే. నా లెక్కలో తప్పు. ఇదివరకు అలా ఉండేది కాదు…

ఇదివరకా. రెండు మాటలు వెనక నుంచి వచ్చేది.

ఎప్పుడూ అంతే. 'వంటవాడు తలుపు తీశాడు' దగ్గర ఆపాననుకోండి. మర్నాడు 'మెట్లు దిగొచ్చి, వంటవాడు తలుపు తీశాడు' అని వచ్చేది. అలా…

చేశాను. మూసి తెరిచాను, ఆర్పి వెలిగించాను, గుడ్డ పెట్టి తుడిచాను కూడా… సరే, మీరు చెప్పారు కాబట్టి మళ్లీ ఆర్పుతాను… ఊఁ… వెలుగుతోంది. నిదానంగా లేస్తుందిది, నాలాగే…

ఏమిటి, మీ వెనక అంతమంది మాటలు. సంతలో కూచున్నట్టుంది… ఓహో, అందరూ మీలాగే ఫోన్లు మాట్లాడేవాళ్లా. బాగుంది మీకు. పొద్దస్తమానం మనుషుల గొంతులే.

ఇక్కడా… ఆ చప్పుడు ఫ్యానుది. ఎవరూ లేరు. ఒక్కదాన్నే. ముందు గదిలో మిషను, వెనక గదిలో మంచం. కొలతలివ్వడానికి ఎవరైనా వస్తే మాట, లేకపోతే లేదు. ఆ కథ చదివే ఆయన లేకపోతే నా గొంతు నాకే గుర్తుండదు… అదేంటో, ఆయన మాట్లాడుతుంటే మధ్యలో నేను జవాబులిస్తుంటాను.

ఆ, వచ్చింది. పెడుతున్నాను… లేదు. ఆపిన చోటు నుంచే…

సెట్టింగ్స్… పళ్లచక్రం బొమ్మ… వెళ్లాను. 'ఆపిన చోటు నుంచి కొనసాగించు'… ఆన్‌లోనే ఉంది…

ఆఫ్ చేస్తే మొదటి నుంచి వస్తుందా. వద్దు వద్దు. వాడు మళ్లీ ఓడ ఎక్కడం దగ్గర్నుంచీ వినే ఓపిక నాకు లేదు…

పది సెకన్లు వెనక్కి పోయే బొత్తమా. చూశాను. నేను నొక్కితే ఏం లాభం.

కాదమ్మాయ్… నేను నొక్కడం కాదు… ఎలా చెప్పను. అది మీ యాప్ చేసే పని కాదు. ఒక మనిషి చేసేది.

అయ్యో, దొంగ కాదు. ఎవరూ చొరబడలేదు, పాస్‌వర్డ్ మార్చక్కర్లేదు. మా చెల్లెలు.

సొంత చెల్లెలే… ఇద్దరికీ కలిపి ఒకే కొట్టు ఉండేది. నేను గుడ్డ కత్తిరించేదాన్ని, అది కుట్టేది. ఈ ట్యాబు అప్పటిదే. పని చేసుకుంటూ ఇద్దరం వినేవాళ్లం. అది కాజాలు కుడుతూ వంటవాణ్ణి తిట్టేది, వాడు చేసే ప్రతి వెధవ పనికీ. ఈ యాప్ పెట్టిందీ అదే. ట్యాబ్‌లో పెట్టింది, తన ఫోన్లోనూ పెట్టుకుంది. ఖాతా ఒకటే…

కాదు, ఇప్పుడు కలిసి లేం. కొట్టు ఖాళీ చేయాల్సి వచ్చింది. అది కొత్త మార్కెట్‌కి పోదామంది, నేను ఇంట్లో పెట్టుకుందామన్నాను. మాటా మాటా పెరిగింది. ఎవరి మిషను వాళ్లు పట్టుకుని బయటపడ్డాం… ఫోనా. లేదు. అది చేస్తుందని నేను, నేను చేస్తానని అది. అలాగే అలవాటైపోయింది.

కానీ విను, కథ మాత్రం మానలేదు… నువ్వు అనేశాను, ఏమీ అనుకోకు తల్లీ.

నేను పొద్దున వింటాను కదా. అది మధ్యాహ్నం వింటుంది, బేరాలుండని వేళ. నేను విన్న భాగం వెనక్కి తిప్పుకుని, అంతా విని, నేను ఆపిన చోటు దగ్గరికొచ్చి ఆపేస్తుంది… ఎలా తెలుసంటే, ఓ మధ్యాహ్నం ఊరికే ట్యాబు తెరిచాను. కింద గీత ఉంటుందే, అది దానంతట అదే జరుగుతోంది. నేను చెయ్యి కూడా పెట్టలేదు. చూస్తూ కూచున్నాను, పని మానుకుని. అది ఎక్కడో కూచుని వింటోంది, ఇక్కడ గీత నడుస్తోంది.

ముందుకి మాత్రం పోదు. చిన్నప్పట్నుంచీ అంతే, దేనికైనా నా వెనకే. కానీ సరిగ్గా నా చోటుకి రాదు. రెండు మాటలు వెనకే ఆగుతుంది…

అలసిపోయి కాదు. కుట్టుపని అలాంటిది. మధ్యలో దారం తెగిందనుకో, తెగిన చోట నుంచి మొదలుపెట్టకూడదు, ఊడిపోతుంది. రెండు కుట్లు వెనక్కి వెళ్లి, పాత కుట్టు మీద నుంచి రావాలి. దానికి నేర్పింది నేనే.

అదీ సంగతి. రోజూ పొద్దున ఆ రెండు మాటలు వినపడితే, సరే, ఉంది, బాగానే ఉంది, నిన్న వింది అనుకుని పనిలో పడేదాన్ని. ఇప్పుడు అవి రావట్లేదు. విసుగొచ్చి మానేసిందేమో. ఒంట్లో బాగాలేదేమో. లేక ఇంకేమైనా… ఎవర్నడగను. అందుకే మీకు చేశాను.

చూడు తల్లీ, నిదానంగా చూడు. ఉంటాను…

… … …

ఆ, ఉన్నాను. మీరు ఆగమని పెట్టిన పాట విన్నాను. అది కూడా మాటిమాటికీ మొదటికే వస్తోంది, దాన్ని ఎవరికైనా చూపించండి… చెప్పు.

కొత్త వెర్షన్ వేసేటప్పుడా… అడిగింది. చాలా అడిగింది. అన్నిటికీ 'వద్దు' నొక్కాను… ఎందుకంటే పక్కింటి లెక్కల మాస్టారు చెప్పాడు, తెర మీద ఏదడిగినా వద్దనే నొక్కండి, లోకమంతా మోసమే అని. ఆయనకి వాళ్లింటి గోడ మీద కూడా అనుమానమే. కళ్లజోడు గుడ్డల కింద ఎక్కడో ఉంది, వెతుక్కోలేదు. వద్దు, వద్దు, వద్దు. చకచకా నొక్కేసి, భలే తప్పించుకున్నాను అనుకున్నాను కూడా…

అందులో ఇదొకటా.

'ఈ ఖాతాలో ఉన్నవాళ్లతో కలిసి వింటారా'… అలా అడిగిందా.

వద్దన్నాను.

అయితే… దానికి తెలిసిందా, నేను వద్దన్నట్టు… ఏమని తెలిసింది. దాని ఫోన్లో ఏం వచ్చి ఉంటుంది, అది చదువు… ఫర్వాలేదు, ఉన్నది ఉన్నట్టు చదువు…

మళ్లీ చదువు.

'అక్క ఇకపై మీతో కలిసి వినడం లేదు.'

ఆ పేరు ఎవరు పెట్టారు… అదే పెట్టుకుందా. ట్యాబ్‌కి. 'అక్క' అని. నేను 'కొట్టు' అని పెట్టి ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ.

ఉండమ్మా, ట్యాబు తుడుస్తున్నాను. గుడ్డల దుమ్ము.

అది మానేసిందని నేనిక్కడ కుమిలిపోతున్నాను. వద్దన్నది నేనా.

మార్చొచ్చా… ఇప్పుడేనా… చెప్పు చెప్పు. ఉండు, కళ్లజోడు వెతుక్కోనీ… ఈ జాకెట్టు గుడ్డల కింద… దొరికింది. ఇప్పుడు చెప్పు… సెట్టింగ్స్… ఖాతా… 'కలిసి వినడం'… ఉంది. అవును అని నొక్కాలి కదా… నువ్వు ఇంకోసారి చెప్పు, అవును అనేనా… నొక్కాను.

తిరుగుతోంది… ఇంకా తిరుగుతోంది… ఏదో అడుగుతోంది. ఆగు, ఇకమీదట చదవకుండా ఏదీ నొక్కను. 'రెండు చోట్లు ఉన్నాయి. ఏది ఉంచాలి. అక్క, నలభై ఒకటో భాగం. చెల్లి, ముప్పై మూడో భాగం.'

ముప్పై మూడు… ఈ కొత్త వెర్షన్ రాకముందు నేను ఆపిన చోటు కదూ. ఆ తర్వాత నేనొక్కదాన్నే ఇంత దూరం వచ్చాను. అది అక్కడే ఆగిపోయింది. అంటే మానేసినట్టే కదమ్మా…

ఎక్కడ… కింద… సన్నగా ఏదో ఉంది… 'చెల్లి చివరిసారి తెరిచినది, ఈ రోజు.'

ఈ రోజంటే ఇవాళేనా.

తెరిచి… వినలేదా… నీకు అక్కడ ఇంకా కనిపిస్తోందా… నిన్న కూడానా… మొన్న కూడా…

రోజూ తెరుస్తోంది. చూసి మూసేస్తోంది. ఒక్క మాట ముందుకి పోలేదు.

పిచ్చి మొహం. నేను వచ్చానేమోనని చూసుకుంటోంది.

ఆఁ… ఆ, అడుగుతోంది ఇంకా. నాది ఉంచితే… అదీ నలభై ఒకటికి వచ్చేస్తుందా. వద్దమ్మా. మధ్యలోవన్నీ అది వినలేదు. నేనే వెనక్కి వెళ్తాను… మళ్లీ వింటాను, ఏం కొంపలు మునిగాయి. వంటవాడు ఓడ దిగాడో లేదో నాకిప్పుడు తెలుసు. దాని దగ్గర నోరు మూసుకోవడమే కష్టం.

'చెల్లి' నొక్కాను… పెడుతున్నాను. నువ్వూ విను, ఫోను దీని దగ్గర పెడతాను…

… …

విన్నావా. 'నీళ్లు కాగాయి' దగ్గర ఆపాను నేను. బాగా గుర్తు, ఎవరో కొలతలకి వస్తే ఆపాను. 'మూత తీశాడు, నీళ్లు కాగాయి' అంటున్నాడు చూడు…

అవును. ఆ రెండు మాటలే.

ఇప్పుడు దాని ఫోన్లో ఏం వస్తుంది… 'అక్క మళ్లీ మీతో కలిసి వింటోంది.' వచ్చేసి ఉంటుందా… చూసి ఉంటుందంటావా. బేరాలుండని వేళే ఇది. ఫోను చేతిలోనే ఉంటుంది.

ఏంటి… ఫోను నేను చేయాలా… అది చేయకూడదా…

లేదులే. నువ్వన్నది నిజమే. అది ఎప్పుడూ నా ముందుకి రాదు. నేను ఎక్కడ ఆపితే అక్కడే కూచుంటుంది. నేనే కదలాలి.

మార్కులా… ఐదుకా. నీ ఇష్టం వచ్చినన్ని వేసుకో, ఆరు వేసినా నేనేం అనను… లేదమ్మా, ఇంకే సమస్యా లేదు… ఆ, బాగానే వినపడుతోంది, నీకు పుణ్యముంటుంది.

ఇంక పెట్టెయ్ తల్లీ. నాకు ఫోను కావాలి.