వదలని పగ్గం

అమ్మ రాదు మామయ్యా. ఆదివారం సభకీ రాదు, నీ వేదికా ఎక్కదు. ఈ గుర్రాన్ని కూడా పంపను. ఫోన్‌లో ఒకసారి చెప్పాను కదా, మళ్ళీ ఇంత దూరం రావడం దేనికి? ఎదురుగా అడిగితే కాదనలేననుకున్నావా?

అక్కడ నిలబడకు. ఇది తన్నదు గానీ పక్కది తన్నుతుంది. ఇటు గోడ వైపుకి రా. లాయంలోకి తెల్ల చొక్కా వేసుకొచ్చే మనిషివి లోకంలో నువ్వొక్కడివే. నేను మాత్రం పని ఆపను. డెక్కల్లో మట్టి తియ్యాలి, తీస్తూనే మాట్లాడతాను. సభలో నువ్వు మాట్లాడితే అందరూ నోరు మూసుకుని వింటారు కదా, ఈ ఒక్క పూట నువ్వు విను.

నీ ప్రసంగం చదివాను. బాగా రాశావు, అది ఒప్పుకుంటాను. గుర్రం తన రౌతుని ఎందుకని అడగదు, ఎటు తిప్పితే అటు నడుస్తుంది, దేవుడి చేతిలో మనమూ అలాగే ఉండాలి. ఒక పక్క ఈ గుర్రాన్ని, ఈ సాధువుని, నిలబెడతావు. ఇంకో పక్క, కొడుకు పోయినా నోరు విప్పి ఒక్క మాట అనని మా అమ్మని కూర్చోబెడతావు. ఇద్దర్నీ చూపించి నమ్మకమంటే ఇదీ అంటావు. జనం కళ్ళు తుడుచుకుంటారు. అంతేగా?

ఒకటి అడుగుతాను. నువ్వెప్పుడైనా ఒక గుర్రానికి పని నేర్పావా? ఎక్కడం కాదు. ఎక్కావు, నాకు తెలుసు, ఫొటో కోసం ఎక్కావు, అమ్మ కింద నుంచి నీ కాలు పట్టుకుని నిలబడింది. నేర్పావా అంటున్నాను. లేదు కదా. మరి గుర్రం ఎందుకని అడగదని నీకెవరు చెప్పారు?

రోజంతా అడుగుతూనే ఉంటుంది మామయ్యా. చెవితో అడుగుతుంది, తోకతో అడుగుతుంది, కాలు ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టి అడుగుతుంది. ఇటా? అటా? ఇంతేనా? ఇంకా చెయ్యాలా? మేం చేసే పనల్లా దానికి జవాబు చెప్పడం.

జవాబు ఎలా చెప్తాం? పగ్గం వదిలి చెప్తాం. లాగడంలో ఏముంది, ఎవడైనా లాగుతాడు. పనితనమంతా వదలడంలో ఉంది. కాస్త బిగిస్తాం. అది ఆలోచిస్తుంది. ఒక అడుగు, అడుగు కూడా అక్కర్లేదు, ఒంటి బరువు కాస్త ఇటు వేస్తే చాలు, వెంటనే వదిలేస్తాం. ఓహో, ఇదన్నమాట వీళ్ళు అడిగింది అని దానికి తెలుస్తుంది. రేపు మళ్ళీ బిగిస్తే భయపడదు. వదులుతారని తెలుసు కాబట్టి.

ఇది నాకూ అన్నయ్యకీ నేర్పింది అమ్మే. దేవుడు కూడా ఇంతేనే అనేది. బిగించాడనుకో, నువ్వొక అడుగు వేసి చూడు, వదుల్తాడు. వదులుతాడు కాబట్టే నమ్ముతున్నాను, లేకపోతే ఆయన నాకేమన్నా చుట్టమా అనేది.

నవ్వొస్తోందా? రావాలి. ఆ నోరు నీకూ తెలుసు కదా, నీ సొంత అక్క. గడ్డి లారీ దిగుతుంటే వాన పడిందా, ఆకాశం వైపు తిరిగి, కాసేపు ఆగితే నీ సొమ్మేం పోయింది అనేది. అడ్డం తిరిగిన పిల్లని గుర్రం కడుపులోంచి లాగుతూ, మోచేతి దాకా నెత్తుటితో, చూస్తూ కూర్చోకపోతే ఓ చెయ్యి వెయ్యరాదూ అని అరిచింది. ఆయన్ని. పక్కనున్న నువ్వు నిన్నే అనుకుని గబగబా చొక్కా చేతులు మడిచావు. ఆ రోజు ఎంత నవ్వుకున్నాం. 

సరే. వదలకపోతే ఏమవుతుంది? అది కదా నీ ప్రసంగంలో లేనిది.

ఇదిగో, ఈ సాధువులా తయారవుతుంది. వీడు వచ్చిన రోజు నువ్వు లేవు. ఒక పెద్ద స్వారీ బడి వాళ్ళు పంపారు. ఇంత నెమ్మదైన గుర్రం ఎక్కడా దొరకదన్నారు. కడుపు కింద నుంచి పిల్లలు దూరినా కదలడట. పక్కన రేకు డబ్బా పడినా ఉలిక్కిపడడట. అందుకే సాధువని పేరు పెట్టుకున్నారు. అన్నయ్య మురిసిపోయాడు, నేనూ మురిసిపోయాను. అమ్మ ఒకసారి వీడి చుట్టూ తిరిగింది. చెవి పక్కన చిటిక వేసింది. చెవి తిరగలేదు. మెడ మీద గోళ్ళతో గీకింది. ఏ గుర్రమైనా ఆ హాయికి మూతి సాగదీస్తుంది. వీడు సాగదియ్యలేదు.

"ఇది నెమ్మదితనం కాదే," అంది. "ఒంటిని ఇక్కడ వదిలేసి వీడు ఎటో వెళ్ళిపోయాడు."

బిగించి వదలకపోతే గుర్రం ముందు లాగుతుంది. తర్వాత తన్నుతుంది. పక్కకి పోయి చూస్తుంది, వెనక్కి పోయి చూస్తుంది. ఏం చేసినా ఆ బిగుతు తగ్గదని తెలిశాక ఇక ఆగిపోతుంది. నడవమంటే నడుస్తుంది, నిలబడమంటే నిలబడుతుంది. చూసినవాళ్ళు ఎంత బుద్ధిగా ఉందో అంటారు. మా పనిలో అందరూ చేసే తప్పు ఇదే మామయ్యా. ఆశ చచ్చిన గుర్రాన్ని చూసి మనల్ని నమ్మిందనుకుంటాం. బహుమతి కూడా ఇస్తాం. వీడితో పాటు ఆ బడిలో ఉన్న రెండోది మేత మానేసి, ఎంత బుద్ధిగా నిలబడిందో అంత బుద్ధిగానూ పడిపోయి చచ్చిందట.

అమ్మ వీడి మీద జీను వెయ్యడానికే చాలాకాలం పట్టింది. ఊరికే పగ్గం పట్టుకుని నిలబడేది. చెవి వెంట్రుకవాసి కదిలితే వదిలేసేది. మళ్ళీ కాసేపటికి బిగించేది. చూసేవాళ్ళకి పిచ్చి పనిలా ఉండేది. ఒకరోజు దాణా ఆలస్యమైందని వీడు అమ్మ భుజం పట్టుకుని కొరికాడు. రక్తం వచ్చింది. అన్నయ్య మందు రాస్తుంటే అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. వీడికి కోపం వచ్చిందిరా, వీడికి కోపం వచ్చింది అని ఒకటే నవ్వు.

కోపం ఎవరి మీద వస్తుంది, చెప్పు. వింటారనుకున్నవాళ్ళ మీదే కదా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీకు కష్టంగా ఉంటుంది, కానీ విను.

అన్నయ్య పోయిన రోజు నువ్వే వాణ్ణి మోసుకొచ్చావు. వాకిట్లో తడిసిన రాళ్ళ మీద గుర్రం జారి, వాడు కిందా అది పైనా. ఎవరి తప్పూ లేదు. నీ చొక్కా అంతా బురదయింది, నువ్వు దాన్ని చాలాసేపు విప్పలేదు. అది నేను మర్చిపోను. నీకు వాడంటే ప్రాణం అని నాకు తెలియదా?

కానీ ఆ తర్వాత రోజుల్లో ఏం చేశావో కూడా నేను చూశాను. అమ్మ అడిగింది. గోడకేసి తల కొట్టుకుంటూ అడిగింది. నా కొడుకే దొరికాడా అంది. నీ ఇంట్లో దీపం ఆరిపోతే నీకు తెలిసేది అంది, దేవుణ్ణి. అలా అన్న ప్రతిసారీ నువ్వు పక్కన కూర్చుని, అలా అనకూడదక్కా, ఎందుకని అడగకూడదక్కా, ఆయన ఇష్టం అనుకో అన్నావు. మెల్లగానే అన్నావు, ప్రేమగానే అన్నావు. కాదనను. కానీ అమ్మ తన్నిన ప్రతిసారీ నువ్వు బిగించావు. ఏడిస్తే బిగించావు. తిడితే బిగించావు. వదిలిందెప్పుడో తెలుసా? నోరు మూసుకున్నాక. అప్పుడు మా అక్క ఎంత గట్టిదో అని తల నిమిరావు. గుర్రానికైనా మనిషికైనా, వదిలినప్పుడు ఏం చేస్తోందో అదే కదా నేర్చుకునేది.

నేర్చుకుంది.

మొన్న దాణా ఉడకబెట్టిన నీళ్ళు చేతి మీద ఒలికాయి. ఒలికితే ఎవరైనా ఏం చేస్తారు? చెయ్యి తీస్తారు. అమ్మ తియ్యలేదు మామయ్యా. నేను వెళ్ళి లాగేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. ఆ కట్టు చూసి నువ్వు సభలో సహనం అన్నావు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. లేచి అరుద్దామనుకున్నాను. కాలేజీ పోటీల్లో నేను వాదనకి లేస్తే నువ్వే కదా ముందు చప్పట్లు కొట్టేవాడివి. ఆ రోజు ఎందుకో నోరు రాలేదు.

తిండి లేదు. పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు. రవికెలన్నీ వదులైపోయాయి. డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసింది, ఆసుపత్రిలో పెట్టాలంది, ఆలస్యం చేస్తే దక్కదని మొహం మీదే చెప్పింది. నువ్వేమో, మనసుకి మందేంటి, దేవుణ్ణి నమ్మినవాళ్ళకి అది అవమానం అన్నావు. అమ్మ ముందే అన్నావు.

నేను నమ్మననుకుంటున్నావా? నమ్ముతాను కాబట్టే రోజూ ఆయనతో తగువు పడుతున్నాను. ఇక్కడే, ఈ పేడ ఎత్తుతూ. చెవులు వెనక్కి పడేసి, పళ్ళు బయటపెట్టి. అది నా ప్రార్థన. నీది అందంగా ఉంటుంది, నాది ఇలా ఉంటుంది. 

కానీ ఒక భయం పట్టుకుంది. దేవుడు లేడేమోనని కాదు. ఉన్నాడు, పగ్గం ఆయన చేతిలోనే ఉంది. ఆయనకి వదలడం రాదేమోనని.

నిన్న సాయంత్రం నేనొక పని చేశాను. అమ్మ తువ్వాళ్ళు మడత పెడుతోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. వాణ్ణి నువ్వే చంపావు అన్నాను. రాళ్ళు తడిగా ఉన్నాయని తెలిసీ వాణ్ణి పంపావు, నీ వల్లే పోయాడు అన్నాను. అబద్ధం. వాణ్ణి ఎవరూ పంపలేదు, నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. కొడుతుందనుకున్నాను. కొడితే తగలాలని మొహం దగ్గరగా పెట్టాను కూడా.

అమ్మ నా వైపు చూసి, "అవునేమోనే" అంది. చేతిలో తువ్వాలు మడత పెట్టేసి, ఇంకోటి తీసుకుంది.

అట్లా చూడకు. తప్పని నాకు తెలుసు. నువ్వు ఏడిస్తే నేను చూడలేను, మొహం అటు తిప్పుకో. నేను వీడి కాలు పట్టుకుని ఉన్నాను, వదల్లేను.

విను. ఆసుపత్రికి కారు మాట్లాడాను, వాకిట్లో ఉంది. నా మాటకి అమ్మ ఎక్కదు. అడిగాను. తమ్ముడు వద్దన్నాడు కదే అంది, అంతే. నువ్వు చెప్తే ఎక్కుతుంది. లే అంటే లేస్తుంది, చెప్పులు వేసుకో అంటే వేసుకుంటుంది. ఎక్కడికని కూడా అడగదు.

అవును, ఇంతసేపూ నిన్ను దేనికి తిట్టానో, సరిగ్గా అదే నా కోసం ఇంకొక్కసారి చెయ్యమంటున్నాను. ఈ మాట పట్టుకుని నన్ను వాదనలో ఓడించొచ్చు నువ్వు. ఓడించు. నాకు గెలవాలని లేదు, అమ్మ కారెక్కితే చాలు.

వెళ్ళు. వంటింట్లో ఉంది. బతిమాలకు, వివరంగా చెప్పకు, ఏడవకు. కొత్తగా ఏం మాట్లాడినా కంగారు పడుతుంది. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పు.