గవరయ్య ఆపిన కొండ

గరాచర్మలో బస్సు ఆగే చోటే నూకరత్నం టీకొట్టు. బస్సు ఆలస్యమైతే కబుర్ల గవరయ్యకి పండగే. కశ్మీర్లో రోడ్డు పని మానేసి ఈ దీవికొచ్చి ఆరేళ్ళు, ఒంటి మనిషి. ఆ సాయంత్రం కొత్తగా బదిలీ మీదొచ్చిన పరంధామయ్య మేష్టారు దొరికారు.

"మట్టంతా ఒకటే అనుకుంతన్నారా మేష్టారూ? కశ్మీర్లోది గాలి మోసుకొచ్చి పోసిన మట్టి. లోపలంతా సందులే, డబల్రొట్టె లాగ. అయినా రేణువూ రేణువూ పట్టుకుని నిలువు గోడలా నిలబడతాది. మా రోడ్డు ఇంజనీరు సాబ్ ఒక ముద్ద కదపకుండా కోయించినాడు. అదే మట్టిని పొడి సేసి ఇంకో ముద్ద అచ్చు పోయించినాడు. రెండూ ఊపుడు మిషను మీదెట్టినాడు. మరేటైనాదో తెలుసా? అచ్చు పోసింది మొదట్నించీ మెల్లగా కుంగిపోనాది. అసలుది బిర్రుగా నిలబడి నిలబడి, పట్టు తెగ్గానే ఒక్కపాలి కూలిపోనాది! ఆ ముద్దని నలభై మైళ్ళు లారీలో ఒళ్ళో ఎట్టుకుని పరీక్షకి తీసుకెల్లింది నానే. ఒక్క బీట నేదు."

"చాయ్ చల్లారిపోతంది భయ్యా," అంది నూకరత్నం.

"ఉండు దీదీ. అప్పట్నించీ కొండ నా మాటినేది. సెవి ఆనిస్తే సాలు, ఏ రేణువు దేన్నొదిలేత్తాదో సెప్పీసీవోణ్ణి. ఒకనాడు భూకంపం! కొండ కింద నలభైమంది కూలోళ్ళు. నానేటి సేసినానో తెలుసా? కొండెక్కీసినాను. అది ఎడమకూగితే నాను కుడికి, అది కుడికూగితే నాను ఎడమకి, గెంతి గెంతి ఆ ఊపుని ఆపీసినాను!"

"ఎంతసేపు గెంతావేటి?" అని నవ్వాడు చేపలమ్మి వచ్చిన మల్లేశు.

"మూడ్రోజులు! తిండి నేదు, నీళ్ళు నేవు. ఆఖరికి కొండే 'బస్ కరో గవరయ్యా, ఇంక సాలు' అన్నాది. నలభైమందీ నా కాళ్ళ మీద పడిపోనారు. పేనమున్నంత కాలం నిన్ను మరవం అన్నారు!"

మేష్టారు నవ్వలేదు. "వాళ్ళలో ఎవరైనా ఉత్తరాలు రాస్తుంటారా గవరయ్యా?" అని మామూలుగా అడిగారు.

గవరయ్య చల్లారిన చాయ్ గ్లాసు అందుకున్నాడు. మల్లేశు బెంచీ మీద సర్దుకున్నాడు.

"నేరు మేష్టారూ," అన్నాడు గవరయ్య. "ముద్ద తీసుకుని నాను పరీక్ష కాడికెల్లినాను. మర్నాడొచ్చీసరికి రోడ్డు నేదు, కొండ నేదు. కొండ కింద ఉండిపోనోళ్ళు నలభై కాదు, పదకొండుమంది. మా గుడారంలో పన్నెండు పక్కలూ పరిసినవి పరిసినట్టే ఉన్నాయి. దేని మీద కూకోవాలో తెలీనేదు."