గనెమ్మ తలుపుకి రంగు ఊడదీసిన సంగతి

గనెమ్మని ఇంటి మీద పెంకులు తీసి పైనుంచి లాగారు, తెలుసా మీకు? తెలీదూ. అయితే ఇనండి. ఇదిగో అమ్మాయ్, రాసుకుంటే రాసుకో గానీ మధ్యలో ఆపి అడగమాకు, నాకు తోవ తప్పిపోద్ది. గనెమ్మంటే గోదారి మధ్యన మా లంకలోనే, రేవు పక్కన రెండు గదుల పెంకుటిల్లు. ఆవిడ మొగుడు గంగరాజని, పడవలకీ లాంచీలకీ రంగులేసేవాడు. ఆడేం చేసేవాడంటే, డబ్బా అడుగున రంగు కాస్త మిగుల్తాది గదా, అది పారెయ్యబుద్ధి గాక ఇంటికి తెచ్చి లోపలి గది తలుపుకి పూసేసేవాడంట. ఓ ఏడు పచ్చ, ఓ ఏడు ఎరుపు, ఓ ఏడు నీలం, ఏ పడవ రంగైతే ఆ రంగు. పాతది గీకేది లేదు. దాని మీద ఇది, దీని మీద అది. అలాగ ముప్పయ్యేళ్ళు అనుకో. తలుపు బలిసిపోయింది. మూస్తే తియ్యడానికి భుజం పెట్టాలి, తీస్తే మూయడానికి కాలెట్టి తన్నాలి. ఆ తర్వాత గంగరాజు పోయాడు. తలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంక ఏమైందంటే, ఆ ఏడు శ్రావణంలో గోదారి పొంగింది. తెల్లారి టీ కాచుకునే వేళకి వాకిట్లోకి నీళ్ళొచ్చేశాయి. గనెమ్మేమో ట్రంకుపెట్టె మంచం మీదకి ఎక్కిద్దామని లోపలి గదిలోకి ఎల్లింది. ఎల్లిందా, ఈదరగాలికి తలుపు దబ్బుమని పడిపోయింది. పడ్డం పడ్డం బిగుసుకుపోయింది. అసలే బలిసిన తలుపు, ఆ పైన నీళ్ళు తాగింది, ఇంక కదుల్తాదా? లోపల్నుంచి గనెమ్మ లాగుతుంది, బయట్నుంచి కొడుకు పోసియ్య గుద్దుతున్నాడు, ఊహూఁ. నీళ్ళు మోకాలు దాటాయంట. నడుం దాటాయంట. ఒరే పోసీ, నన్నొదిలేసి మీరిద్దరూ మెరకకి పొండ్రా, నేను బతికినన్నాళ్ళు బతికేశాను అని లోపల్నుంచి ఒకటే అరుపు. కోడలు వరాలు ఉంది చూశారూ, సన్నంగా రెల్లుపుల్లలాగ ఉంటాది, ఆ పిల్ల "నోరు మూసుకుని మంచమెక్కి నిలబడు అత్తా" అని గదిమేసి, నిచ్చెనేసుకుని కప్పు మీదకెక్కి పెంకులు టపటపా ఊడబెరికేసింది. పోసియ్య తాడు జారేశాడు. మొత్తానికి గనెమ్మని తడిసిన పిల్లిని తీసినట్టు తీశారు.

వరద తీసింది. బురద కడుక్కున్నారు. తలుపు ఎండకి ఎండినా గునపం పెడితే గానీ రాలేదు. పోసియ్యకి ఒళ్ళు మండిపోయి గొడ్డలట్టుకొచ్చాడు, మా అమ్మని మింగబోయిన తలుపు ఇంట్లో ఉండడానికి వీల్లేదు, పొయ్యిలో పెడతానని. గనెమ్మ ఎల్లి తలుపుకి అడ్డంగా నిలబడిపోయింది. "ఒరే, మీ నాన్న చేత్తో వేసిన రంగురా ఇది. ఆయనది ఫొటో కూడా లేదు మనింట్లో. ఆయన చెయ్యి మిగిలింది ఇక్కడేరా. టేకు తలుపురా, పెళ్ళయిన కొత్తలో నాకోసం తెచ్చాడు. ముందు నన్ను నరికి, తర్వాత దీన్ని నరుకు" అంది. ఆడు గొడ్డలి పడేసి బయటకి పోయాడు. వడ్రంగి కామయ్యాచారిని పిలిస్తే, దీని మీద చిత్రిక పడితే నా పనిముట్లు మొండైపోతాయి, కొత్తది చేయించుకోండన్నాడు. వరదకి గింజలే కొట్టుకుపోయిన ఇల్లు, కొత్త తలుపు ఎక్కణ్ణించొస్తాదండీ?

వరాలు ఆలోచించింది. నరికితే ఈవిడ బతకదు, ఉంచితే వచ్చే వరదకి బతకదు. మరేం చెయ్యాలి? రంగు తీసేస్తే తలుపు తలుపులాగుంటాది గదా! మెల్లగా అత్త దగ్గర కూచుని, "అత్తా, అంచులొక్కటీ గీకుతాను. మొహం ముట్టుకోను" అంది. గనెమ్మ ముందు కాదంది. ఆఖరికి నెత్తి మీద చెయ్యేయించుకుని ఒట్టు పెట్టించుకుని, సరే కానీ అంది.

కొడవలెట్టి గీకింది వరాలు. మూడ్రోజులు గీకితే జానెడు ఊడింది, దుమ్మంతా గొంతులో పడి ఒకటే దగ్గు. కొబ్బరాకు మండించి సెగ చూపించింది. రంగు బుడగలొచ్చింది గానీ చెక్క కూడా మాడింది, గనెమ్మ పెట్టిన శాపనార్థాలు రేవు దాకా వినపడ్డాయి. బస్తీలో కొట్టుకెల్లి రంగు ఊడదీసే మందుందంటే అడిగింది, ధర వినేసి డబ్బా అక్కడే పెట్టేసి వొచ్చేసింది. వొచ్చి రేవులో కాళ్ళు కడుక్కుంటుంటే బట్టలుతికే కోటమ్మ చూసి, ఏమే వరాలూ మొహం అలాగుందే అంది. ఈ పిల్ల అంతా చెప్పుకుంది. కోటమ్మ పకపకా నవ్వి, "ఓసి పిచ్చిమొహమా, ఆ రంగులో ఉండేదేంటి? నూనే గదా. జిడ్డుని తినేదేంటి? సోడా. గుల్లసున్నంలో బట్టలసోడా వేసి గారెలపిండిలాగ కలుపు. మందంగా పట్టించు, ఆరిపోకుండా తడిగోనె కప్పు, పూటసేపు ఊరుకో. అదే తింటాది. కానీ జాగ్రత్తే, అది రంగునే కాదు, చేతుల్నీ తింటాది. చేతులకి ప్లాస్టిక్ కవర్లు కట్టుకో, కళ్ళలో పడనివ్వకు, కోళ్ళనీ చంటిపిల్లల్నీ దగ్గరకి రానివ్వకు. ఊడిందంతా గొయ్యి తీసి పూడ్చెయ్యి. అయ్యాక చింతపండు పులుసుతో కడుగు, లేకపోతే చెక్కని కూడా తినేస్తాది" అంది. చూశారా, బస్తీ కొట్లో లేని తెలివి మన రేవులో ఉంది!

మర్నాడు పొద్దున్నే తలుపు ఊడదీసి వాకిట్లో రెండు బల్లల మీద పడుకోబెట్టారు. వరాలు అంచులకి ముద్ద పట్టించి గోనె కప్పింది. మధ్యాన్నం తీసి చూస్తే రంగు పాల మీద మీగడలాగ ముడతలు పడిపోయుందంట! అట్లకాడెట్టి తోస్తే పొరలు పొరలుగా వొచ్చేసింది. పిల్లకి ప్రాణం లేచొచ్చింది. అంచులన్నీ చేసేసింది. కానీ ఏమైందంటే, గోనె కింద నుంచి ఆ ముద్ద జారి తలుపు మొహం మీద పళ్ళెమంత మేర తినేసింది. గనెమ్మ వొచ్చి చూసింది. అరవలేదు. తిట్టలేదు. పెరట్లోకెల్లి కూచుంది. ఆ పూట తినలేదు, మర్నాడూ తినలేదు. కంచం పెడితే మొహం తిప్పేసుకుంది. వరాలు ఏడిచేసి, నాలుగు తిట్టినా బాగుండేదండీ, ఇలాగ ఊరుకుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు అని పోసియ్యతో అందంట.

మూడోనాడు పొద్దున్న వరాలు లేచి వొచ్చేసరికి గనెమ్మ తలుపు దగ్గర గొంతుక్కూచునుంది. ఆ తినేసిన చోట అంచు చుట్టూ ఉల్లిపాయ కోసినట్టు రంగులన్నీ గీతలు గీతలుగా కనపడుతున్నాయి, వాటి మీద వేలు పెట్టి చూసుకుంటుంది. "ఇటు రావే" అంది. ఈ పిల్ల భయపడతా ఎల్లింది. "ఈ నీలం చూడు, ఇది నీ మొగుడు పుట్టిన ఏడు. ఈ ఎరుపు ధాన్యం లాంచీది, ఆ ఏడు నాకు జొరమొచ్చి నెల్రోజులు లేవలేదు, ఆయనే వండి పెట్టాడు, ఉప్పు లేకుండా." అని కాస్త నవ్వింది. వేలు ఇంకో గీత మీదకి జరిగి ఆగిపోయింది. "ఈ పచ్చ... మా పాప పోయిన ఏడు. మూణ్ణెల్ల పిల్ల. రంగెయ్యను నేను అన్నాడాయన. నేనే ఎయ్యమన్నాను. ఆయన చేతులు ఊరికే ఉంటే చూళ్ళేకపోయాను."

వరాలు ఆ ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళయింది, ఆడపిల్ల పుట్టిందనీ తెలీదు, పోయిందనీ తెలీదు. మొగుడు కూడా ఎప్పుడూ చెప్పలేదు. మెల్లగా, "పేరేంటత్తా?" అంది. "లచ్చికాంతం" అంది గనెమ్మ. ఎన్నేళ్ళయిందో చూడండి ఆ పేరు ఆవిడ నోటెంట వొచ్చి. ఇద్దరూ అక్కడే కూచుని బాగా ఏడిచారు. ఆనక గనెమ్మే ముక్కు తుడుచుకుని, "పైన రంగున్నంతసేపూ ఇయ్యన్నీ లోపలే ఉండిపోయాయే. ఇంకా కింద ఏముందో చూడాలనుంది. ఆ సున్నం ఇటు తే, చద్దన్నం కూడా తే" అంది.

ఇంక చూడండి, అత్తాకోడళ్ళిద్దరూ ఆరు రోజులు! ముద్ద పెట్టడం, గోనె కప్పడం, పొర తియ్యడం. ముద్ద పెట్టడం, గోనె కప్పడం, పొర తియ్యడం. పొర పొరకీ గనెమ్మ ఓ కబురు చెప్తుంది, వరాలు వింటుంది. సాయంత్రం పోసియ్య కూడా వొచ్చి కూచునేవాడంట, చెల్లెలి కబురు మళ్ళీ చెప్పమ్మా అని. ఆరోనాటికి చెక్క తేలింది. చింతపండు పులుసుతో కడిగి ఆరబెట్టి, ఇప్పుడు రమ్మనండి ఆచారిని, మా టేకు చూపిస్తాను అంది గనెమ్మ గొప్పగా. కామయ్యాచారి వొచ్చాడు. వేలెట్టి కొట్టాడు, వాసన చూశాడు, ఇటు చూశాడు, అటు చూశాడు. "గనెమ్మత్తా, టేకని నీకెవరు చెప్పారు? ఇది మావిడిచెక్క. అదీ రెండు ముక్కలు అతికింది" అన్నాడు.

వరాలు గబుక్కున అత్త చెయ్యి పట్టుకుంది. ఇప్పుడీవిడ ఏమైపోద్దో అని. గనెమ్మ తలుపు కేసి చూసింది, చూసింది, ఒక్కసారి నవ్వు మొదలెట్టింది. పొట్ట పట్టుకుని నవ్వుతుంది. "ఓరి నీ! ముప్పయ్యేళ్ళు నాకు టేకని చెప్పాడే! తడి తగిలితే పుచ్చిపోద్దని భయం, పుచ్చితే నాకు తెలిసిపోద్దని భయం! అందుకా నాయనా, ప్రతేడూ డబ్బా పట్టుకుని తయారు! చెప్తే నేనేమన్నా కొరికేస్తానా?" అని నవ్వుతా నవ్వుతా కళ్ళు తుడుచుకుంది. ఆచారి కూడా నవ్వాపుకోలేక, అంచులు ఊరికే చిత్రిక పట్టి ఇచ్చి, కూలొద్దన్నాడు. అవిసెనూనె కాచి రెండు పూతలు రాశారు. తలుపు బిగించాక గనెమ్మ చిటికెనవేలుతో తోసింది. తెరుచుకుంది. లాగింది. మూసుకుంది. ఆ రోజంతా అదే పనంట, వొచ్చినోళ్ళందరికీ చూపించడం.

ఇంక ఊళ్ళో ఆడాళ్ళు ఊరుకుంటారా? మా తలుపు చూడత్తా, మా కిటికీ చూడత్తా అని. ఆ తర్వాత గనెమ్మ పోయేదాకా అయిదేళ్ళూ, ఆవిడ సున్నం కుండ, వరాలు అట్లకాడ పట్టుకుని లంకలో ఏ గడపా వొదల్లేదు. ఎవరిది టేకో, ఎవరిది తుమ్మో, ఎవరిది పాత పనసచెక్క పెట్టె విరగ్గొట్టి అతికిందో ఇద్దరికీ తెలుసు. ఒక్క మాట బయట పెట్టలేదు, అది వాళ్ళ మంచితనం. మా ఇంటికీ వొచ్చారులెండి. మా ఆయన వొద్దు వొద్దని చాలా గోల చేశాడు, ఎందుకో అప్పుడు నాకర్థం కాలేదు. ఏం చెక్క తేలిందంటారా? అది చెప్పను. రాసుకోమాకు అమ్మాయ్, చెప్పనన్నాను గదా. తలుపైతే బాగా పడుతుంది, గాలి బాగా వొస్తుంది. చాలదూ?