గులాబీ రంగు చుక్క

"తాతయ్యా, అమ్మమ్మ జబ్బు సంగతి మొదట్నించీ చెప్పు. ఫోన్‌లో రికార్డవుతోంది."

రెండువేల ఇరవై రెండు, నాట్ల కాలం. కాదు కాదు, జ్వరం అంతకుముందే మొదలైంది, నాట్లప్పటికి మంచాన పడింది. మీ అమ్మమ్మ మంచాన పడ్డం అంటే ఏంటో నీకు తెలుసుగా! ఒంట్లో బాగోలేకపోయినా చేలో కూలీలకి అన్నం మోసుకెళ్ళే మనిషి. అలాంటిది, సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు కాలిపోయేది, తెల్లారేసరికి చెమటలు పట్టి పక్కంతా తడిసిపోయేది. నడుం నొప్పని మూలుగుతూనే ఉండేది. వేమూరులో సూదులు వేయించాను, తగ్గలేదు. తెనాలి తీసుకెళ్ళాను. నా చిన్నప్పుడు తెనాలికి రైలు టికెట్టు కొనుక్కున్నాక కూడా ఇడ్లీకి చిల్లర మిగిలేదే అమ్మడూ. ఇప్పుడు స్టేషను దిగి ఆటో ఎక్కితేనే... సరే, ఆ గోల ఎందుకులే.

తెనాలి డాక్టరుగారు మంచివాడు. టైఫాయిడ్ పరీక్షలో కాస్త తేలింది, మందులిచ్చాడు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ వచ్చింది. మనిషి చీపురుపుల్ల అయిపోయింది. నా కళ్ళముందే పోతుందనుకున్నాను, నిజం చెబుతున్నా.

ఆయన అడిగాడు కూడా, "ఇంట్లో పశువులు బాగున్నాయా అమ్మా?" అని. ఈవిడేమో "లక్షణంగా ఉన్నాయండి" అంది. శుద్ధ అబద్ధం! అంతకుముందే మా చూడిగేదె ఈసుకుపోయింది. అంటే నెలలు నిండకుండానే దూడ చచ్చి పడిపోయింది. దూడ వెంట పడాల్సిన మాయ పడకపోతే ఈవిడే చెయ్యి పెట్టి లాగింది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి అది మామూలు పనే. కానీ గేదె ఈసుకుపోయిందని మాత్రం ఎవరూ పైకి చెప్పరు. పాలు పోయించుకోరు, సంతలో బేరం రాదు, పైగా దిష్టి. ఇరుగుపొరుగుకి చెప్పని మాట తెనాలిలో డాక్టరుకి చెబుతుందా?

రెండో గేదె కూడా ఈసుకుపోయేసరికి నేను ఊరుకోలేదు. రేపల్లె నుంచి పశువుల డాక్టరమ్మని తీసుకొచ్చాను. చిన్నపిల్ల, మీ అమ్మకంటే చిన్నది. మీ అమ్మమ్మ మంచం మీంచే అరిచింది, "దండోరా కూడా వేయించండి, ఊరంతా చూసిపోతారు!" అని.

ఆ డాక్టరమ్మ గేదెల రక్తం తీసుకుంది. మర్నాడు రేపల్లెలో వాళ్ళ ఆసుపత్రికి రమ్మంది. నేను ముందే వెళ్ళి అక్కడి బల్ల మీద కూర్చున్నాను. తెల్లటి పలక మీద, రక్తం గడ్డకట్టాక పైన తేరిన నీళ్ళు ఒక చుక్క వేసింది. పక్కనే గులాబీ రంగు మందు ఒక చుక్క. రెండూ పుల్లతో కలిపి పలకని అటూ ఇటూ ఊపుతోంది. చూస్తుండగానే పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా అయిపోయింది!

"ఏంటమ్మా అది?" అన్నాను.

"ఆ రంగులో ఉన్నది జబ్బు పురుగే బాబాయ్ గారూ. చంపేసి రంగు వేసింది. దాన్ని యాంటిజెన్ అంటారు. ఆ పురుగుతో ఇదివరకు పోట్లాడిన రక్తమైతే దాన్ని గుర్తుపట్టి ఇలా పట్టుకుంటుంది" అంది.

చచ్చిన శత్రువుని కూడా రక్తం మర్చిపోదన్నమాట! అప్పుడడిగింది, ఇంట్లో ఎవరికైనా వచ్చిపోయే జ్వరం ఉందా అని. మాయ లాగిన చేతుల వల్లా, పచ్చిపాల వల్లా అది మనుషులకీ అంటుతుందట. "ఉంది తల్లీ. ఆవిడ రక్తమూ తెస్తాను, అదే చుక్క వెయ్యి" అన్నాను.

"నాది పశువుల ఉద్యోగమండి. మనుషులకి నేను చెయ్యకూడదు" అంది. నేను కదల్లేదు. మధ్యాహ్నం దాకా ఆ బల్ల మీదే ఉన్నాను. చివరికి ఆ పిల్ల నవ్వి, "జబ్బు పేరు రాసిస్తాను, మీ డాక్టరుగారికి చెప్పండి" అంది. కాయితం పోతుందని అరచెయ్యి చాపాను. తెలుగులో రాయమన్నాను. మీసాలు వచ్చాక రాత్రిబడిలో దీపం దగ్గర అక్షరాలు దిద్దిన వాణ్ణి, ఒత్తులంటే నాకు ఇప్పటికీ హడలు. తెనాలి బస్సులో ఆ చెయ్యి చూసుకుంటూ, బ్రూ... సె... ల్లో... సి... స్... అని దారంతా చదువుకున్నాను. పక్కనాయన నేనేదో మంత్రం పఠిస్తున్నానని కాళ్ళు ముడుచుకున్నాడు!

డాక్టరుగారు నా చెయ్యి చూశాడు. "గేదెలు బాగున్నాయన్నారే!" అన్నాడు. మీ అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రక్తం తీయించి గుంటూరు పంపించాడు. ఫలితం వచ్చింది. అదే జబ్బు! మందులు రెండు రకాలు, నెల దాటి వాడాలన్నాడు. ఒక మందుకైతే ఒంటేలు ఎర్రగా పోయేది. "నన్ను చంపడానికే తీసుకొచ్చారు" అని ఒకటే తిట్లు. తిట్టనీ, తిట్టే ఓపిక వచ్చిందిగా! ఒకరోజు లేచి, గోంగూర నూరుకుని ముద్ద కలుపుకుని తింది చూడూ, నాకు పండగే అనుకో.

ఆ మరుసటేడు బాపట్ల వైపు నుంచి పరిశోధన చేసేవాళ్ళు వ్యాన్లో వచ్చారు. పాత గులాబీ చుక్కకి ఒక్కోసారి వేరే పురుగుతో పోట్లాడిన రక్తం కూడా అంటుకుంటుందట. అందుకని ఈ పురుగులో మాత్రమే ఉండే ముక్క ఒక్కటే తీసి కొత్త యాంటిజెన్ తయారుచేశారు. అది సరిగ్గా చెబుతుందో లేదో చూడాలంటే, జబ్బు వచ్చినవాళ్ళ రక్తం కావాలి, రానివాళ్ళదీ కావాలి. ఊరంతా తలుపులు వేసుకుంది. పేరు బయటపడితే పాలు ఆగిపోతాయని భయం.

నేను మీ అమ్మమ్మని వెంటబెట్టుకుని పొద్దున్నే పాలకేంద్రం దగ్గర నిలబడ్డాను. అందరూ క్యాన్లతో ఉన్నారు. "మా గేదెలకి వచ్చింది, ఈవిడకీ వచ్చింది. ఈవిడ బతికింది పరీక్ష వల్ల. రండి!" అన్నాను. మా బావ కోటేశ్వరరావు, "ఏంటి బావా, నీ దొడ్డి పరువు నువ్వే తీసుకుంటున్నావు?" అన్నాడు.

"దొడ్డికి పరువేంటి బావా, ఉండేది పేడ!" అన్నాను. జనం గొల్లుమన్నారు.

మీ అమ్మమ్మ ఊరుకుంటుందా? "అన్నయ్యా, రేపు వదినకి ఈ నడుం నొప్పి వస్తే పరువుతో కాపడం పెడతావా?" అంది. అంతే! ముందు కోటేశ్వరరావు పెళ్ళామే చెయ్యి చాపింది. ఆవిడ వెనక ఊరు ఊరంతా వచ్చింది. తిరునాళ్ళలాగా ఉందనుకో!

కొత్త చుక్క గట్టిదే. మీ అమ్మమ్మ రక్తాన్ని ఇట్టే పట్టేసిందట. జ్వరాలని నెలల తరబడి తిరిగే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని కూడా పట్టుకుంది. మందులు వాడి ఇద్దరూ శుభ్రంగా ఉన్నారు. నాది? నాది ఖాళీ! ఇంత చాకిరీ చేస్తే నాకేమీ లేదన్నారు. "మొండోళ్ళ దగ్గరికి పురుగులు కూడా రావు" అంది మీ అమ్మమ్మ. కానీ రానివాళ్ళ రక్తం కూడా అంతే ముఖ్యమని వాళ్ళే చెప్పారుగా, రెండు గొట్టాలు తీసుకున్నారు నా దగ్గర. అది కూడా రికార్డు చెయ్యి.

ఇప్పుడు మా ఊళ్ళో మాయ తియ్యాలంటే చేతికి గ్లౌజు ఉండాల్సిందే. పాలు కాచకుండా ఎవరూ తాగరు. నువ్వు కూడా ఆ లేబరేటరీ చదువే చదువుతున్నావు కదా. నీ చెయ్యి చల్లగా ఉండాలి తల్లీ. నువ్వు వేసే చుక్క ఎప్పుడూ నిజమే చెప్పాలి.

గేదెలా? జబ్బు ఉందని తేలినవి నాలుగు. వాటిని నయం చేసే మందు లేదంది డాక్టరమ్మ. అమ్మితే ఇంకో ఇంటికి జబ్బు అమ్మినట్టే. అమ్మలేదు. విడిగా కట్టేసి, పోయేదాకా మేపాను. ఆఖరిది మొన్న వేసవిలో పోయింది. దొడ్డి ఖాళీ. కాఫీకి ప్యాకెట్ పాలు కొంటున్నాం.