రెండు బ్లేడ్ల సందు

"జాకెట్టు కుట్లు ఇప్పుదామంటే రెండు బ్లేడ్లల్ల ఒకటి లేదు. నువ్వే తీసినవా?"

"ఒక్క బ్లేడుకు గింత లొల్లా? ఇంజను వాల్వుల మీది టాపెట్లకు సందు వెట్టెటందుకు తీస్కున్న."

తెల్లారితే రెంజల్ రాధాబాయి కొనుక్కుపోయే పాత డీజిల్ ఇంజను చుట్టూ అతను పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉన్నాడు. భార్య గడప దగ్గరే నిలబడింది.

"ఒక్కటేనా? మామ రెండు కలిపి సందు వెట్టెటోడు గద?"

అతను పానా కింద పెట్టి, మళ్ళీ తీశాడు.

"రెండు వెడితే టకటక ఆగుతలేదు. టాపెట్టు వాల్వును తాకే కాడ అరిగి గుంట వడ్డది. బ్లేడు గుంట మీదికెల్లే పోతది, లోపల సందు అట్లనే ఉంటది. గందుకే ఇంకింత బిగించిన. ఇప్పుడు ఇను, సప్పుడే లేదు."

"వేడెక్కినంక?"

"ఏమైతది?"

"నన్నే అడుగుతున్నవా? వాల్వు సాగుతది. సందు లేకుంటే సక్కగ మూసుకోదు, కాలిపోతది. మామ నోటెంటనే ఇన్న. రాధాబాయి చెరుకుకు నీళ్ళు పారంగ ఇంజను నడుమల ఆగుతది."

"టకటక ఇంటే తీస్కుంటదా?"

ఆమె అన్నం వడ్డించడానికి వెళ్ళింది.

రెండు ముద్దలు తిని అతను చెయ్యి ఆపాడు. ఎదురుగా కూర్చున్న తల్లితో అన్నాడు.

"అవ్వా, రేపు సందు సరిగ్గ వెట్టి, టకటక ఇనిపిస్త. అరిగింది సూపెట్టినంకనే రాధాబాయికి ఇస్త. వద్దంటే మన కాడనే ఉంటది."

భార్య లేచి, మిగిలిన బ్లేడు తెచ్చి అతని పక్కన పెట్టింది.

"ఇది గూడ తీస్కో. జాకెట్టు ఎల్లుండి కుట్టుకుంట."