కట్టు మీద పొలుసు

"మామ్మా, తాత కాలు సంగతి సెప్పవా? ఫోన్‌లో రికార్డు సేసుకుంతాను."

సెప్తాను గానీ ఆ ఫోను కొంచెం ఎడంగా ఎట్టు గుంటా, నాయి సేపల సేతులు. ఆ, అలగ.

మొన్న ఎండల్లో సర్కారోలు సేపల వేట ఆపీడానికి ముందు మాట ఇది. మీ తాత బోటు దిగుతుంటే ఇనప రేకు తగిలి పిక్క ఇంత పొడుగు కోసుకుపోయింది. సుగరు మనిసి కదా, నెత్తురు ఆగనేదు. హార్బరు కాడ ఆటో ఎక్కించి ఆసుపత్రికి అట్టుకుపోయినాము. పది కుట్లు. కాదు, పదకొండు. సుగరుందని వార్డులోనే ఉంచీసినారు. ఆసుపత్రోళ్ళని ఏటనడానికి నేదు, సక్కగా సూసినారు. తప్పు నాది. అదే సెప్తాను, ఉండు.

మన పేట సంగతి నీకు తెలుసు కదేటి. ఒకలు పడుకుంటే వీదంతా కదిలొచ్చీడమే. రాకపోతే మాటొచ్చీస్తాది. వొచ్చినోలు వొచ్చినట్టు మంచం మీద కూకుంటారు, పిల్లల్ని తాత పక్కన ఎక్కించీస్తారు. "ఎన్ని కుట్లేసినారు వదినా?" అనడుగుతారు. సూపించకపోతే ఏదో దాస్తన్నాననుకోరా? అందుకని నాను కట్టు కొస లేపి సూపించీదాన్ని. ఒకలికి కాదమ్మా, వొచ్చినోలందరికీ!

పొద్దున్న సేపలమ్ముకుని, సింతపండెట్టి సేతులు తోముకుని ఆసుపత్రికి ఎల్లీదాన్ని. మాయమ్మ కూడా అలగే తోమీది. ఆవిడ రోజుల్లో కవ్వళ్ళ సేపలు బుట్టడు రెండు రూపాయలు, ఇప్పుడు ఆ రెండు రూపాయలకి సింతపండు కూడా రాదు. ఏటి సెప్తన్నాను? ఆ, సేతులు. వాసన పోయింది కదా, ఇంకేటి మురికి అనుకున్నాను.

నాలుగోనాడు జొరమొచ్చింది. కాలు ఎర్రగా ఉబ్బీసింది. డాట్రుబాబు కట్టు ఇప్పితే సీము. పక్కనున్న నర్సు సిస్టరమ్మ దూది మీంచి పట్టకారుతో ఏదో తీసి ఎలుతురుకి పెట్టింది. తెల్లగా తళుక్కుమంది. సేప పొలుసు! ఆ నాలుగు రోజులూ పొద్దున్న నాను పండుగప్పే కోసినాను గుంటా. సూడగానే తెలిసిపోయింది.

"ఈ కట్టు ఎవరు విప్పారు? ఇలా అయితే కాలు తియ్యాల్సి వస్తుంది" అన్నాడు డాట్రుబాబు.

నాను సేతులు కొంగులో దాసీసుకున్నాను. మీ తాత ఉన్నాడే, "నానే బాబూ, దురదెట్టింది, గోక్కున్నాను" అనీసినాడు. నాలుగు రోజులై మంచం దిగనోడు, సేప మొహం సూడనోడు! డాట్రుబాబు సంటిపిల్లాడ్ని తిట్టినట్టు తిట్టినాడు. ఈయన తలొంచుకుని పడ్డాడు. నా ఎంక సూడను కూడా సూడనేదు.

ఒంటికాలితో బోటెక్కగలడా, నువ్వు సెప్పు. సముద్రం మీదకెల్లకపోతే ఆ మనిసి మనిసి కాడు. నా సేత్తో నానే ఆయన కాలు తీయించీసినాననుకున్నాను. బయట వరండాలో కూకుని ఏడిసినాను. సిగ్గు, బయం, రెండూను.

ఆ సిస్టరమ్మ వొచ్చింది. మన పక్కింటి అప్పయ్యమ్మ కూతురంత, పాతికేళ్ళుంటాయేమో వయసు. సెయ్యట్టుకుని కుళాయి కాడికి తీసుకెల్లి సబ్బిచ్చింది. ఏళ్ళ సందులు, బొటనేలు, సేతి ఎనక... ఇలగ, ఇలగ. "గోళ్ళ కింద సూడు మామ్మా" అంది. సూత్తును కదా, అక్కడ ఇంకో పొలుసు! "లోపలికొచ్చే ముందు కడుక్కో, ఎల్లీటప్పుడు కూడా కడుక్కో. ఇక్కడి జబ్బు నీ ఇంట్లో పిల్లలకి పోకూడదు కదా. కట్టు మాత్రం నువ్వు ముట్టుకోకు, తడిసినా ఊడినా నన్ను పిలు" అంది.

ఆరోజే గోళ్ళు కత్తిరించీసినాను. మర్నాటి నుంచి వార్డు గుమ్మం కాడ స్టూలేసుకుని నానే కాపలా. సేతులు కడక్కుండా లోపలికి ఎవల్నీ ఎల్లనివ్వనేదు. ఇద్దరి కంటే ఎక్కువొద్దు, మంచం మీద కూకోవొద్దు, పిల్లల్ని తేవొద్దు. మా ఆడబిడ్డ ముక్కు సీదుకుంటా వొచ్చింది. "తగ్గాక రా వదినా" అన్నాను. పది రోజులు నాతో మాటాడనేదు! మాటాడకపోతే మానె, కాలు కావాలి నాకు.

ఓపాలి ఆ డాట్రుబాబే పక్క మంచం ఆయన పుండు సూసి, అటు నుంచి అటే మీ తాత కాలి మీద సెయ్యెయ్యబోయినాడు. అంత పెద్ద సదువుకున్నోడికి నాను సెప్పడమేటి? అయినా ఉండలేకపోయినాను. "బాబూ, సేతులు..." అన్నాను. ఆయన ఆగినాడు. నాకేసి సూసినాడు. "మంచి పని చేశావు మామ్మా" అని గోడకున్న సేతుల మందు సీసా నొక్కుకుని సేతులు రుద్దుకున్నాడు. మర్నాటి నుంచి పక్క మంచం ఆయన కూడా అడగడం మొదలెట్టినాడు, దైర్నమొచ్చి.

కాలు దక్కింది. నెల పట్టింది గానీ దక్కింది. మళ్ళీ బోటెక్కినాడు, సూత్తన్నావు కదా.

ఇంటికొచ్చిన రోజున అడిగినాను. "ఆ పొలుసు నాదని నీకు తెలుసు కదా మావా, నీ మీదేసుకున్నావేటి?" అని. ఏటన్నాడో తెలుసా? "నిన్ను బయటకి గెంటీస్తే నాకు అన్నం ఎవలెడతారే" అని నవ్వీసినాడు. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తనేదు. నానూ ఎత్తనేదు, ఇదిగో, ఇప్పుడు నీకే సెప్తన్నాను.

ఏటే, మళ్ళీ తుమ్ముతన్నావు? రేపు నీ నేస్తం పసిగుంటని సూడ్డానికి ఆసుపత్రికెల్తానన్నావు కదా? ఎల్లకు. ఫోన్‌లో సూడు. తగ్గినాక ఎల్లి, సేతులు కడుక్కుని ఎత్తుకుందువు గాని, ఆ బిడ్డెక్కడికీ పోదు.

అదిగో, మీ తాత వొచ్చినాడు. సూడు, సూడు, నానేటీ అనకుండానే కుళాయి కాడికెల్లి గోళ్ళు తోముకుంతన్నాడు. నీకూ అలాటోడే దొరకాలమ్మా. సల్లగుండు... ఉండు, ఆయనకి అన్నం ఎట్టాలి.